పద్నాలుగు డిగ్రీలు

స్థిర విద్యుత్తు పాఠంలో వేలాడే బంతుల లెక్క ఒకటి ఉంటుంది. సెకండియర్ ఫిజిక్స్ చదివిన వాళ్ళెవరికైనా గుర్తుండే ఉంటుంది. ఒకే మేకుకు రెండు దారాలు, వాటి చివర రెండు చిన్న బంతులు, రెండింటి మీదా ఒకే రకం ఆవేశం. అవి ఒకదాన్నొకటి నెట్టుకుని దూరం జరుగుతాయి. దారం నిలువు గీత నుంచి ఎంత వాలిందో చెప్పి, ఆవేశం ఎంతో కనుక్కోమంటారు. ప్రతి బంతి మీదా మూడు బలాలు పనిచేస్తాయి. కిందికి లాగే బరువు, దారం వెంబడి పైకి లాగే తన్యత, పక్కకు నెట్టే వికర్షణ. మూడింటినీ బాణాలుగా గీసి సరిచూస్తే, వికర్షణ బరువులో ఎన్నో వంతో ఆ వాలిన కోణమే చెప్పేస్తుంది. కోణానికి టాన్ విలువ తీస్తే చాలు. పదకొండేళ్ళుగా ఏటా చెప్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ పేజీ వచ్చిందంటే మాత్రం బోర్డు మీద గబగబా రాసేసి, నోట్సులో ఎక్కించుకోండని చెప్పి, కిటికీ దగ్గరికి పోయి నిలబడతాను.

మాది కరీంనగర్. ఉద్యోగం భైంసాకు దగ్గర్లో ఒక ఊళ్ళో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా. నాకు కోపం ఎక్కువ. ఇంట్లో అవ్వా అంటుంది, క్లాసులో పిల్లలూ అంటారు, నేనూ కాదనను. ఆ కోపంతోనే చాలా పనులు చేయించాను, కొన్ని పాడుచేశాను కూడా. ఇది పాడుచేసిన దాని గురించి.

మా ల్యాబులో అటెండరు ఒకాయన ఉండేవాడు. ఊరంతా చాచా అనేది, మేమూ చాచా అనేవాళ్ళం. మా కాలేజీలోనే ఇంటర్ చదివాడు. అన్నీ పాసై, సెకండియర్ ఫిజిక్స్ ఒక్కటి మిగిలిపోయింది. అదే ఏడు తండ్రి పోవడంతో వచ్చిన ఉద్యోగంలో చేరిపోయాడు. ఆయనతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన మనిషే ఇప్పుడు మా ప్రిన్సిపాల్. పక్కన ఎవరూ లేనప్పుడు చాచాను పేరు పెట్టి పిలిచి కబుర్లు చెప్పేవాడు, నలుగురిలో ఉంటే బెల్లు కొట్టేవాడు. బెల్లు వినపడగానే చాచా కూడా మనసులో ఏమీ పెట్టుకోకుండా లేచి పోయేవాడు. నాకే చిరాకనిపించేది.

పనిలో ఆయనకు వంక పెట్టడానికి ఉండేది కాదు. కంపెనీ పంపిన బంతులు పనికిరావని, జొన్న చొప్ప చీల్చి, లోపలి బెండు తీసి, బ్లేడుతో గుండ్రంగా చెక్కి, పైన సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి తానే చేసేవాడు. గాజు కడ్డీని పొద్దున్నే ఎండలో పెట్టేవాడు. సిల్కు గుడ్డను తేమ ఉండకూడదని ఇస్త్రీ చేయించి తెచ్చేవాడు. నేను చెప్పకముందే ఫ్యాను ఆపి కిటికీలు మూసేవాడు. మా ల్యాబులో బెండు బంతులు మొరాయించిన రోజు లేదు, వానాకాలం తప్ప. నేను చదివిన కాలేజీలో ఆ ప్రయోగాన్ని బొమ్మలోనే చూశాను.

ఒక జనవరిలో మా ఆఫీసు గుమస్తా రిటైరయ్యాడు. ఆ కుర్చీ ప్రమోషన్ మీద అటెండర్లలో సీనియర్‌కు ఇస్తారు, ఇంటర్ పాసై ఉండాలి. జాబితాలో చాచా పేరే ముందు ఉంది. జూన్ ఆఖరుకల్లా ఇంటర్ మెమో చూపిస్తే ఆయనకు, లేకపోతే కింది పేరుకు. ఆయన సర్వీసు ఇంకా రెండేళ్ళ పైచిలుకు మిగిలింది. ప్రిన్సిపాల్ కాగితం చూపించిన రోజు సాయంత్రం చాచా నా దగ్గరికొచ్చి ల్యాబు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేడం, ముప్పై తొమ్మిదేండ్లు తలుపుకాడ స్టూల్ మీద కూసున్న. రెండేండ్లన్న కుర్సీల కూసోని దిగిపోదామని ఉన్నది. జర ఫిజిక్స్ చెప్తరా?"

నాకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. ఈయన్ను పాస్ చేయించకపోతే నేనేం లెక్చరర్ని అనుకున్నాను. అరవైలో ఇరవై ఒకటి వస్తే పాస్. అంత చిన్న సంగతి నా చేతిలో లేకపోతుందా అనుకున్నాను.

మార్చి పరీక్షకు టైము చాలలేదు. ప్రాక్టికల్స్ రోజుల్లో ఆయనకూ నాకూ తీరిక దొరకలేదు, ఉన్న నాలుగు వారాల్లో ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టించాను. పన్నెండు మార్కులొచ్చాయి. బట్టీ ఆయనకు పట్టుబడదని అప్పుడు తెలిసింది. మూడు పేజీలు అప్పచెప్పి, నాలుగో పేజీలో ఒక మాట మర్చిపోతే అక్కడే ఆగిపోయేవాడు, దాటి పోవడం తెలియదు. ఇక మిగిలింది సప్లిమెంటరీ ఒక్కటే.

ఏప్రిల్‌లో నేను పేపర్లు దిద్దడానికి కరీంనగర్ పోయాను. ఏటా పోతాను. ఇంటి దగ్గరే కదా అని సంతోషంగా మొదలుపెడతాను, మూడో రోజుకు మెడలు పట్టేస్తాయి. పెద్ద హాలు, వరుసగా బల్లలు, ఒక కట్ట అయిపోగానే ఇంకో కట్ట తెచ్చి పెడతారు. లెక్క వచ్చిందంటే ముందు ఆఖరి గీత చూస్తాం. జవాబు మాకిచ్చిన కాగితంతో కలిస్తే మార్కులు. కలవకపోతే పైకి పోయి, ఎక్కడి దాకా సరిగ్గా చేశారో చూసి ఆ మేరకు వేయాలి. పైకి పోయే ఓపిక పొద్దున ఉంటుంది, భోజనాల తర్వాత ఉండదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. దిద్దేవాళ్ళందరికీ తెలిసిన విషయమే కాబట్టి అనాల్సిన అవసరం కూడా రాలేదు.

మే నెలలో తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. కాలేజీకి సెలవులు. మొక్కలకు నీళ్ళు పోయడానికి చాచా ఎలాగూ వచ్చేవాడు, నేనూ అద్దెగదిలోనే ఉండిపోయాను. అవ్వ ఫోన్‌లో తిట్టేది, ఎండలకు ఎవరైనా ఆదిలాబాద్ దిక్కు ఉంటారా అని. పొద్దున ఏడింటికి ల్యాబులో కూర్చునేవాళ్ళం. ఈసారి బట్టీ మానేసి, ఆయన చేతికి అలవాటైన పాఠాలే ఎంచుకున్నాను. స్థిర విద్యుత్తు, అద్దాలు, అయస్కాంతాలు. అందులో మొదటిది వేలాడే బంతుల లెక్క. అది ఏటా పడకపోయినా రెండేళ్ళకోసారైనా పడుతుంది, నాలుగు మార్కులు.

"దారం నిలువు గీతకు నలభై ఐదు డిగ్రీలు వాలింది అనుకో చాచా" అన్నాను.

"ఎట్ల అనుకోవాలె మేడం?"

"ఎట్లంటే? అనుకోవాలె. లెక్కల గట్లనే ఇస్తరు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "నలభై ఐదు పోదు మేడం. గీ దిక్కు నలభై ఐదు, గా దిక్కు నలభై ఐదు అంటే నడుమ మూలమట్టం పడ్తది. గంత దూరం ఏ బంతులు పోతయి? ముప్పై తొమ్మిదేండ్ల సంది ఏలాడదీస్తున్న. పదిహేను దాటితే నా పేరు మార్చుకుంట."

"పుస్తకంల పోతయి చాచా."

"పుస్తకం రాసినోళ్ళు ఎన్నడన్న ఏలాడదీసిన్రా?"

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది. "నీకు పాస్ గావాల్నా, బంతులతోని పంచాయితీ గావాల్నా?" అని అరిచాను.

"పాసే గావాలె మేడం" అన్నాడు తల దించుకుని. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద మనిషి. ఆ పూట ఇంకేం చెప్పబుద్ధి కాలేదు. గదికి పోయి పడుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. పైగా ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? లెక్క సులువుగా తెగాలని నలభై ఐదు పెట్టుకుంటాం, దాని టాన్ ఒకటి కాబట్టి. దారాలు వేలాడదీసి ఆ అంకె ఎవరూ పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే కోణమానిని, చార్టు కాగితం పట్టుకుపోయాను. కాగితం మీద డిగ్రీ గీతలు గీసి, మేకు వెనక గోడకు అతికించాం. చాచా కిటికీలన్నీ మూశాడు. మే నెల, ఫ్యాను లేదు, ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. చేతి చెమట తగలకుండా ఆయన కడ్డీని గుడ్డతో పట్టుకుని రుద్ది, రెండు బంతులకూ తాకించాడు. అవి విడిపోయి, కాసేపు ఊగి, నిలిచాయి. వంగి గీతలు చదివాను. పద్నాలుగు. మళ్ళీ చేశాం, పదమూడు. ఇంకా రెండుసార్లు చేశాం, రెండుసార్లూ పద్నాలుగే.

పట్టికలో టాన్ చూసి చెప్పాను. "దగ్గర దగ్గర పావు."

"అంటే?"

"అంటే బంతి బరువు ఎంతనో, గందుల పావు వంతు బలంతోని రెండోది దీన్ని నెడుతున్నది అన్నట్టు. తన్యత సంగతి కూడ గిందులనే ఉన్నది. అది నిలువుగ బరువును మోస్తది, అడ్డంగ నెట్టుడును ఆపుతది."

చాచా స్కేలు తీసుకుని బంతుల మధ్య దూరం గాలిలోనే కొలిచాడు. దారం పొడవులో దాదాపు సగం వచ్చింది. కాగితం మీద చేసి చూపిస్తే అదే వచ్చింది. ఆయన చాలాసేపు ఆ కాగితాన్నీ బంతులనూ మార్చి మార్చి చూశాడు.

"గిది తూకమే గద మేడం. కాంటా మీద పత్తి తూచినట్టు. గిన్నేండ్లు ఎవ్వరన్న గిట్ల చెప్పిన్రా నాకు?"

ఆ రోజు నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఏ క్లాసులోనూ కలగలేదు. ఆ తర్వాత ఆయన మూడు బాణాలు గీయడంలో ఒక్కసారి కూడా తడబడలేదు. మా సీనియర్ ఇంటర్ పిల్లలు తన్యత బాణాన్ని కిందికి గీస్తారు, చాచా ఎన్నడూ గీయలేదు, దారం ఎటు లాగుతుందో ఆయన వేళ్ళకు తెలుసు. ముప్పైతో ఒక లెక్క, నలభై ఐదుతో ఒక లెక్క ఇచ్చాను. మారు మాట్లాడకుండా చేశాడు. నేను అరిచిన సంగతి గుర్తుండి చేశాడని, ఒప్పుకుని కాదని, నాకు తట్టలేదు.

పరీక్షకు ముందు రోజు ధైర్యం చెప్పాను. "బట్టీ పట్టింది యాదికి రాకుంటే పరేషాన్ గాకు. నువ్వు చూసింది రాయి చాచా. నీ కండ్లతోని చూసిందే రాయి, చాలు." ఆ మాట అంటున్నప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది. పాఠం చెప్పడమంటే ఇదీ అనుకున్నాను.

సెంటర్ నిర్మల్‌లో పడింది. మా కాలేజీ పిల్లలు బాసర పోయి అమ్మవారి దగ్గర పెట్టించి తెచ్చిన పెన్నుల్లో ఒకటి ఆయన జేబులో పెట్టారు. దాన్ని తీసుకుని, ఇంట్లో దువా చేయించుకుని, పొద్దుటి బస్సుకు పోయాడు. తన మనవళ్ళ వయసు పిల్లలతో కలిసి వరుసలో నిలబడితే, గేటు దగ్గర ఆపి పిల్లవాడు హాల్ టికెట్ మర్చిపోతే తెచ్చావా అని అడిగారట. సాయంత్రం కాలేజీకొచ్చి నవ్వుతూ చెప్పాడు.

"బంతుల లెక్క పడ్డది మేడం. మంచిగ చేసిన. బొమ్మతోని సహా."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. కోణం ఎంత ఇచ్చారని అడగలేదు. అడిగినా ఏం చేయగలిగేదాన్ని, పేపర్ అప్పటికే కట్టలో కలిసిపోయింది.

పద్దెనిమిది వచ్చాయి.

ఫలితం నా ఫోన్‌లోనే చూశాం, ల్యాబులో, ఇద్దరం నిలబడి. మూడు మార్కులు తక్కువ. చాచా ఆ అంకెను చూసి, ఇంకోసారి నంబరు కొట్టమన్నాడు. కొట్టాను. మళ్ళీ పద్దెనిమిదే. నాకు ఒళ్ళు మండిపోయింది. బంతుల లెక్కకే నాలుగు రావాలి, ఎవరో సరిగ్గా దిద్దలేదు, ఊరుకునేది లేదన్నాను. అదే రోజు జవాబు పత్రం నకలుకు, మళ్ళీ పరిశీలించడానికి, రెండింటికీ దరఖాస్తు పెట్టించాను.

నకలు వచ్చేసరికి ఆయన బయటెక్కడికో పోయాడు. నేనొక్కదాన్నే తెరిచాను. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. బంతుల లెక్క ఐదో పేజీలో ఉంది. పుస్తకాల భాషలో రాశాడు.

"ప్రశ్నలో 45 డిగ్రీలు అని పడినది. ఇది అచ్చు తప్పు. బంతులు అంత దూరము పోవు. సరియైన కోణము 14 డిగ్రీలు. నేను స్వయముగా కొలిచి చూచినాను. కావున 14 తీసుకొని చేయుచున్నాను."

కింద బొమ్మ. మేకు, రెండు దారాలు, మూడు బాణాలు, ఏ బాణం పొడవు ఎంత ఉండాలో అంతే. బొమ్మ పక్కన చిన్న అక్షరాలతో "ఫ్యాను బందు చేయవలెను" అని ఉంది. ఆ తర్వాత లెక్క. బరువులో పావు వంతు వికర్షణ, దారంలో సగం దూరం, అక్కడి నుంచి ఆవేశం. ఒక్క తప్పు లేదు. పద్నాలుగు డిగ్రీలకు ఆ జవాబు అక్షరాలా సరైనది. మొదటి వాక్యం కింద ఎర్ర గీత ఉంది, పక్కన సున్నా.

ఆ కాగితం పట్టుకుని ఏడ్చాను. దిద్దినవాళ్ళను తిట్టుకున్నాను, ప్రశ్న ఇచ్చినవాళ్ళను తిట్టుకున్నాను. చూసిందే రాయమన్నది ఎవరో గుర్తొచ్చాక తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఆయన నా మాట తూచా తప్పకుండా విన్నాడు. నలభై ఐదు చూడలేదు, రాయలేదు. పద్నాలుగు చూశాడు, రాశాడు. పరీక్షలో చూడనిదాన్ని కూడా ఒప్పుకోవాలని నేను చెప్పలేదు. ఆయన అడిగినప్పుడు అరిచాను, అంతే.

మళ్ళీ పరిశీలించిన ఫలితంలో మార్పు లేదని వచ్చింది. అప్పటికి జూన్ అయిపోయింది. ప్రిన్సిపాల్ జాబితా పంపుతూ, పాత స్నేహితుడి ముఖం చూడలేక ఆ రోజు బెల్లు కొట్టలేదు, టీ తనే పోయి తాగొచ్చాడు. ఇంకో కాలేజీ నుంచి కొత్త గుమస్తా వచ్చాడు. మర్యాదస్తుడే, వయసులో చిన్నవాడు, చాచాను చూస్తే లేచి నిలబడేవాడు. మొదటి రోజు ఆ గుమస్తా కుర్చీ కాలు కదులుతుంటే మేకు కొట్టి సరిచేసింది చాచాయే. ఎవరూ చెప్పలేదు. అది తన పని అనుకుని చేశాడు.

వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం పిల్లలకు ఆ ప్రయోగం చూపించబోతే బంతులు కదల్లేదు. తేమకు ఆవేశం నిలవదు. పిల్లలు వెళ్ళిపోయాక చాచా దారాలు విప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"మేడం, నా లెక్క తప్పా?"

"కాదు చాచా. లెక్క ఒప్పే."

"మరి?"

"వాళ్ళు అడిగింది వేరు. నలభై ఐదుకు అడిగితే నువ్వు పద్నాలుగుకు చేసినవు."

ఆయన దారాలను వేలికి చుట్టి ముడి వేసి డబ్బాలో పెట్టాడు. మూత పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. ఈసారి నా ముఖంలోకి చూశాడు.

"మీరు గూడ పోతరు గద దిద్దెతందుకు. గా పేపర్ మీ చేతికే అస్తే ఎన్ని ఏస్తుంటిరి?"

నాలుగు అనొచ్చు. అంటే ఆయన నమ్మేవాడో లేదో తెలియదు గానీ, నేను అనగలిగి ఉండేదాన్ని, నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ నాకు ఆ హాలు కనిపించింది. భోజనాల తర్వాత, మెడ నొప్పితో, ఎదురుగా ఇంకో కట్ట. ప్రశ్నే తప్పని మొదటి గీతలో రాసిన కాగితం. ఆఖరి జవాబు కలవదు. పైకి పోను. ఆ లెక్క నేనే నేర్పించిందని నాకెలా తెలుస్తుంది, కాగితం మీద పేరుండదు కదా.

"సున్నానే ఏస్తుంటి చాచా" అన్నాను.

ఆయన తల ఊపాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. కిటికీలు ఒక్కొక్కటే తెరిచి, డబ్బా అలమారలో పెట్టి తాళం వేశాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఇద్దరం అదే ల్యాబులో పనిచేశాం. నేను అడిగింది అడిగినట్టు తెచ్చిపెట్టాడు, పండగకు ఇంటి నుంచి షీర్ ఖుర్మా తెచ్చిచ్చాడు, నాకు జ్వరమొస్తే మందులు తెచ్చాడు. లెక్క గురించి మాత్రం నన్ను మళ్ళీ ఒక్క మాట అడగలేదు.